పేరు నడిచే దూరం

రోజుకు నలభై మందిని నమ్మడం నా ఉద్యోగం.
నమ్మడమంటే
కాగితం మీది గుండ్రటి ముద్రను
యూనివర్సిటీ పంపిన ముద్ర పక్కన పెట్టి
పచ్చ గడిలో టిక్కు కొట్టడం.
గచ్చిబౌలి, పదకొండో అంతస్తు.
కిటికీ తెరుచుకోదు.

మే నెలలో మా బోరు మోటారు కాలిపోయింది.
ఆరిళ్ల వాళ్లం బకెట్లతో మెట్ల మీద.
కంపెనీ కుర్రాడు మెడలో కార్డుతో వచ్చి
ఫొటో తీసుకుని, "కొత్తది కొనాలి మేడమ్" అని
నన్ను అయిదు చుక్కలు అడిగి వెళ్లాడు.
వాచ్‌మన్ భార్య బాలమణి మాత్రం
"రాణిగంజ్ పో అక్కా, జంగయ్యను అడుగు" అంది.
షాపు నంబరు?
"నంబరెందుకు!"

ఆటో దిగిన చోట బేరింగుల కొట్టతను చెయ్యి చాపాడు.
చాయ్ దుకాణంలో గల్లా మీది మనిషి
చిల్లర లెక్క ఆపకుండా గడ్డంతోనే సందు చూపాడు.
పైపులమ్మే పిల్లాడన్నాడు:
"జంగన్ననా? పొద్దుగూకక ముందే పో.
తర్వాత మనిషి ఉండడు, సీసా ఉంటది."
మంచీ చెడ్డా ఒకే గొంతులో.
నేను చూసిన ఏ మార్కుల మెమోలోనూ
ఇంత నిజం అచ్చవలేదు.

వార్నిష్ వాసన, రాగి తీగల చుట్టలు,
ముగ్గురు నిలబడితే నిండిపోయే గది.
విప్పలేదు ముందు.
ఇరుసును వేళ్లతో తిప్పి చెవి ఆనించాడు.
"ఇసుక తాగింది. దీని తప్పేం లేదమ్మా,
మీ నీళ్లే అడుగంటినయ్."

బల్ల మీద రబ్బరు స్టాంపు.
జంగయ్య మోటార్ వైండింగ్ వర్క్స్, ఇంగ్లీషు అక్షరాల్లో.
'వర్క్స్'లో డబ్ల్యూకి ఒక కాలు విరిగింది.
ఆ కుంటి అక్షరాన్ని నేనెక్కడో చూశాను.

రెండేళ్ల కింద.
నాలుగేళ్ల అనుభవమని ఒక ఉత్తరం,
వెబ్‌సైట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు,
మూడుసార్లు చేస్తే ఫోను మోగలేదు.
ఎర్ర గడిలో నేనే రాశాను:
ధ్రువీకరణ సాధ్యం కాలేదు.

"మొగిలి అని ఒకతను... మీ దగ్గర చేశాడా?"
"నాలుగేండ్లు. నాకన్న మంచిగ చుడుతుండె.
పెద్ద కంపెనీల నౌకరి అన్నడు, కాయితం రాసిచ్చిన.
ఏమైందో, రాలే.
ఇప్పుడు బండి మీద మంది అన్నాలు మోస్తుండు."
మాట్లాడుతూనే చుడుతున్నాడు,
చుట్ల లెక్క తప్పలేదు.

నా తప్పేమీ లేదు, నాకు తెలుసు.
దొంగ ఉత్తరాలు వారానికి ముప్ఫై వస్తాయి మాకు.
అమీర్‌పేటలో మధ్యాహ్నానికల్లా తయారు చేసిస్తారు.
వాటి ముద్రల్లో అన్ని అక్షరాలకూ
కాళ్లు చక్కగా ఉంటాయి.

పేరు కాలినడక మనిషి.
బేరింగుల కొట్టు నుంచి చాయ్ దుకాణానికి,
అక్కడి నుంచి ఏ బాలమణి నోటి దాకానో,
మహా అయితే ప్యారడైజ్ సిగ్నల్ దాకా.
గచ్చిబౌలి చేరేసరికి దానికి ఊరూ పేరూ ఉండవు.
ఆ దూరం దాటడానికే కదా కాగితం పుట్టింది,
పుట్టి, నడిచేవాణ్ణే
గేటు దగ్గర ఆపింది.

పొద్దుగూకింది. సీసా ఇంకా తెరవలేదు.
"గ్యారంటీ ఎన్నాళ్లు?" అలవాటుగా అడిగాను.
నా వంక అదోలా చూశాడు,
అడగకూడనిది అడిగినట్టు.
"నేను గీడనే ఉంట."

బిల్లు అక్కర్లేకపోయినా రాయించుకున్నాను,
ముద్ర కొట్టించుకున్నాను.
మూసిన ఫైలు తెరిచే మీట
మా సాఫ్ట్‌వేర్‌లో లేదు, వెతికాను.

ఆరిళ్లకూ నీళ్లు ఎక్కుతున్నాయి.
బిల్లు వెనకాల మొగిలి నంబరుంది.
ఇంకా చెయ్యలేదు.